వరస వంకర

మధ్యాహ్నం నుంచే మంచు.
సుపీరియర్ సరస్సు మీంచి అడ్డంగా కొడుతోంది,
ఎవరో కోపంగా ఉప్పు విసిరినట్టు.
ఇల్లిల్లూ తిరిగి మిఠాయిలు అడగడం ఈ ఏడు లేనట్టేనని
ఐనో చెప్పేసింది, తొమ్మిదేళ్ల పెద్దరికంతో.
టోయివో మాత్రం గబ్బిలం రెక్కలు విప్పనంటాడు.
రెక్కలతోనే బాత్రూంకి వెళ్లాడు,
రెక్కలు ముఖానికి కప్పుకుని ఏడ్చాడు.

సరే, పిండి కలుపుదాం రండి అన్నాను.
ఏడుపుకి నాకు తెలిసిన మందు అదొక్కటే,
చేతులకి ఏదో ఒకటి అంటించడం.

గోరువెచ్చని నీళ్లలో ఈస్ట్ నురగ కట్టింది.
ముద్ద చేసి, తడిగుడ్డ కప్పి
రేడియేటర్ పక్కన పెడితే
"అమ్మా, అది ఊపిరి తీస్తోంది" అంది గబ్బిలం.
ఇక గంటసేపు ఇద్దరూ కాపలా.
గుడ్డ ఎత్తడం, చూడటం, మూయడం,
మళ్లీ ఎత్తడం.
అయినా పొంగిందంటే
అది పిండి మంచితనం.

మా ఇంట్లో గుండ్రటి పళ్లెం లేదు.
ఉన్నది పొడుగ్గా, నాలుగు మూలలతో.
"అయితే ఇది శ్మశానం" అని తేల్చింది ఐనో.
టమాటా సాస్ నేలయింది.
చీజ్ పలకలు సమాధిరాళ్లు,
వాటి మధ్య మోజరెల్లా దయ్యాలు, కత్తెరతో కోసినవి.
నల్ల ఆలివ్ సగానికి కోస్తే సాలీడు ఒళ్లు,
సన్నగా తరిగితే కాళ్లు.
ఎనిమిదుండాలని అక్క లెక్క చెబుతూనే ఉంది,
తమ్ముడి సాలీళ్లలో ఒకదానికి ఆరు, ఒకదానికి పదకొండు.
పెప్పరోని బిళ్లలు సగం మేమే నమిలేసి
నెపం దయ్యాల మీదికి నెట్టాం.

అయిదు దాటాక ఆర్వో వచ్చాడు,
మోకాళ్లదాకా మట్టి, కనుబొమల్లో మంచు.
కొండమీది శ్మశానంలో పద్నాలుగేళ్లుగా
గోతులు తవ్వేది మా ఆయనే.
బూట్లు గుమ్మం దగ్గరే విప్పమంటాను.
ఇవాళ ఎవరికని మాత్రం అడగను.

కోటు విప్పకుండానే పళ్లెం మీదికి వంగాడు.
పనివాడి చూపు.
"వరస వంకర" అన్నాడు.
"మధ్యలో దారేదీ?
పూలు తెచ్చే ముసలమ్మ ఎటు నడవాలి?"
ఐనో మొహం మాడ్చుకుంది. అంతలోనే
రెండు రాళ్లు పీకి పక్కన పెట్టి
మొక్కజొన్న గింజలతో బాట పరిచింది.

అప్పుడడిగాడు టోయివో, రెక్కలు బిగబట్టి,
"నాన్నా, అక్కడ నిజం దయ్యాలుంటాయా?"

నా చేతిలో చీజ్ తురుము ఆగిపోయింది.
ఆర్వో గోళ్లలో మట్టి కడుక్కుంటూనే ఉన్నాడు.
"ఒక నక్కని చూశాను. తోక కొస తెల్లగా ఉంటుంది.
కొత్త పూలు మేస్తున్న జింకల్ని చూశాను.
ఒకసారి ఓ తాత
రాయికి వీపు ఆన్చి కూర్చుని
రేడియోలో హాకీ ఆట వింటున్నాడు,
ఆవిడకి వినబడేలా పెద్దగా పెట్టి."

"ఆ తాత దయ్యమా?"

"కాదు. నాకు కాఫీ పోశాడు."

ఓవెన్‌లో దయ్యాలు కరిగిపోయాయి.
అంత కష్టపడి కోసిన చేతులూ నోళ్లూ
ఒకదాంట్లోకి ఒకటి పారి
రాళ్లూ బాటా అన్నీ ఒకే తెల్ల దుప్పటి.
ఆలివ్ కళ్లు మాత్రం
అక్కడక్కడా తేలి మమ్మల్నే చూస్తున్నాయి.
ఐనో పెదవి వణికింది.

"మంచు కురిసింది కదా మరి" అన్నాడు వాళ్ల నాన్న.
"రేపు పొద్దున నేను వెళ్లేసరికి
అక్కడా అచ్చం ఇలాగే ఉంటుంది."

నాలుకలు కాల్చుకుంటూ తిన్నాం.
దూరంగా రేవులో ఓడ కూత వేస్తే
టోయివో బదులు కూశాడు, నోటినిండా చీజ్‌తో.

ఎనిమిదింటికి ఎవరో తలుపు తట్టారు.
వీధి చివర లిండ్‌క్విస్ట్‌ల కుర్రాడు,
అస్థిపంజరం మీద స్కీ కోటు,
చేతిలో ఖాళీ సంచీ, అందులో కొంత మంచు.
మిఠాయి అంతా పొద్దున్నే అయిపోయింది.
మూలముక్క ఒకటి కాగితంలో చుట్టిస్తుంటే
మా గబ్బిలం గుమ్మంలోకి దూసుకొచ్చి
గట్టిగా చెప్పింది:

"జాగ్రత్త! కళ్లు ఇంకా వేడిగా ఉన్నాయి."